కంటి కొలత

గుండ్లవాగుపాలెం పల్లె,
వినుకొండ తాలూకా,
12 నవంబరు 1983.

వినుకొండ బజారులో బట్టలు కుట్టే శేషాచలానికి,

గుండ్లవాగుపాలెం ఎలీసమ్మ చెప్పి రాయించేది. నాకు చదువు రాదు. మా ఆయన జక్రయ్య పంతులు మిషను బళ్ళో ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా అక్షరాలు దిద్దించాడు. నా చేత దిద్దించాలంటే నేను ఒకచోట కూచుంటేగా. ఇప్పుడు ఆ బళ్ళోనే చెప్పే జయకుమారి టీచరు రాస్తోంది. నేను అన్నది అన్నట్టే రాయమన్నాను. "మీరు అని రాద్దాం పిన్నమ్మా, బావుంటుంది" అంది. వద్దన్నాను. నువ్వు నా కొడుకు ఈడువాడివి. నువ్వు అనే అంటాను.

ఈ ఉత్తరంతోపాటు మా వడ్రంగి ఆదాం చేతికి ఒక కోటు ఇచ్చి పంపాను. నల్ల ఉన్ని గుడ్డ. వేపాకు వేసి పెట్టెలో దాచాను గనక పురుగు పట్టలేదు. మా పెళ్ళికి మీ నాన్న పిచ్చయ్య కుట్టిన కోటు అది. నలభై రెండేళ్ళయింది. తప్పు కుట్టాడు. ఛాతీ దగ్గర ఇంకో మనిషి దూరొచ్చు. చేతులు వేళ్ళు దాటి వేలాడతాయి. భుజాలు జారిపోయి మోచేతి దాకా వస్తాయి.

నా మనవడు ఇమ్మానియేలుకి మే నెల రెండో తారీకు బుధవారం పెళ్ళి. సత్తెనపల్లి ఆసుపత్రిలో కాంపౌండరు వాడు. అచ్చం తాత పోత. అదే ఎత్తు, అదే సన్నం. ఈ కోటు వాడికి సరిపోయేట్టు చెయ్యి. వాడేమో "గుంటూరులో రెడీమేడ్ దొరుకుద్ది నాయనమ్మా, కొనుక్కుంటా" అంటాడు. ఏ సైజురా అంటే నోరు లేవదు. ఒకసారి ముప్పై ఎనిమిది తెస్తాడు, ఇంకోసారి నలభై రెండు తెస్తాడు. రెండూ లోపల పిట్ట దూరినట్టే ఉంటాయి. మా ఇంట్లో మగాళ్ళెవరికీ వాళ్ళ కొలత తెలీదు.

ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళను. తప్పు మీ కొట్లో జరిగింది, మీ కొట్లోనే సరికావాలి. ఎప్పటికి అవుతుందో రాయి.

ఎలీసమ్మ
(వేలిముద్ర)

·

వినుకొండ,
21 నవంబరు 1983.

శ్రీమతి జయకుమారి టీచరు గారికి నమస్కారములు.

మీ దస్తూరితో వచ్చిన ఉత్తరం, కోటు అందినవి. మీరు చదువుకున్నవారు గనుక మీకు రాస్తున్నాను. నలభై ఏళ్ళ కిందటి కోటు తెచ్చి తప్పు కుట్టారంటే ఏ టైలరైనా ఏం చెప్పగలడు? మా నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. ఆయన చేతి కోటు కోసం నరసరావుపేట నుంచి ప్లీడర్లు వచ్చేవారు. ఆ పెద్దావిడకి వయసు మీద పడి ఏదో మనసులో పెట్టుకున్నట్టుంది. మీరే నెమ్మదిగా నచ్చజెప్పి, కుర్రవాడికి రెడీమేడ్ కోటు కొనుక్కోమని చెప్పండి. ఈ రోజుల్లో అన్ని సైజులూ వస్తున్నాయి.

మనిషిని పంపితే కోటు ఇచ్చేస్తాను.

ఇట్లు,
శేషాచలం

·

గుండ్లవాగుపాలెం పల్లె,
27 నవంబరు 1983.

శేషాచలానికి,

ఉత్తరం నాది. జవాబు నాకు రాయాలి. మధ్యలో జయకుమారికి రాయటం ఏమిటి? ఆమె చెయ్యి మాత్రమే అరువు తెచ్చుకున్నాను, నోరు నాదే. నీ ఉత్తరం ఆమె చదువుతూ "వయసు మీద పడి" అన్న చోట నసిగింది. "నసగమాక, ఉన్నది చదువు" అన్నాను. చదివింది. నా వయసు నా మీద పడితే పడింది. మిరప చేలో మునుం పడితే ఇప్పటికీ నా వెనక వచ్చేవాళ్ళు నన్ను అందుకోలేరు.

నచ్చజెప్పమన్నావు. నాకు నచ్చేది ఒకటే. ఆ కోటు లోపలి గుడ్డ విప్పి చూడు. నువ్వు పనివాడివే అయితే నేను చెప్పింది అబద్ధమో నిజమో నీకే తెలుస్తుంది. చూసి నాకు రాయి. పైన నా పేరు పెట్టి రాయి.

ఎలీసమ్మ
(వేలిముద్ర)

·

వినుకొండ,
9 డిసెంబరు 1983.

ఎలీసమ్మ గారికి,

మీరు కోప్పడ్డారు. తప్పు నాదే, టీచరు గారికి రాయకుండా ఉండాల్సింది.

మీరన్నట్టే కోటు బల్ల మీద పరిచి లోపలి గుడ్డ విప్పాను. కుట్టు మా నాన్నదే, అనుమానం లేదు. చేతికుట్టు ఇప్పటికీ ఒక్క పోగు జారలేదు. కాని కత్తిరింపు విచిత్రంగా ఉంది. ఛాతీ నలభై నాలుగు. భుజం పద్దెనిమిదిన్నర. ఆ లెక్కన మనిషి మల్లయోధుడిలా ఉండాలి. మెడ చూస్తే పద్నాలుగు కూడా లేదు. ఒక మనిషి మెడ, ఇంకో మనిషి ఛాతీ తెచ్చి అతికించినట్టుంది.

నాకు తోచింది రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పెళ్ళినాటికి పంతులుగారు మంచి ఒళ్ళున్న మనిషి అయ్యుంటారు, తరవాత జబ్బు చేసి చిక్కి ఉంటారు. లేదంటే వేరేవారి కోటు పొరపాటున మీకు చేరి ఉండాలి. ఎందుకంటే నేను పన్నెండో ఏట నుంచి మా నాన్న పక్కన కూచుని పని నేర్చుకున్నాను. కొలవకుండా కత్తెర ముట్టుకుంటే చెక్క స్కేలుతో చేతి మీద కొట్టేవాడు. కొలత తీసుకుని ఆయన తప్పు కోసిన బట్ట నేను ఒక్కటి కూడా చూడలేదు.

ఇట్లు,
శేషాచలం

·

గుండ్లవాగుపాలెం పల్లె,
18 డిసెంబరు 1983.

శేషాచలానికి,

సరిగ్గా చెప్పావు. కొలత తీసుకుంటే మీ నాన్న తప్పు కొయ్యడు. ఆయన కొలత తీసుకోలేదు.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్న జయకుమారి కూడా కలం ఆపి నన్ను చూస్తోంది. రాయవే అన్నాను.

అప్పుడు నాకు పదహారేళ్ళు. పెళ్ళి కుదిరింది. మా మేనత్త కొడుకే గనక ఆయన ముందు నేను దాక్కునేదేం లేదు. ట్రైనింగు ప్యాసయి వచ్చిన కొత్త పంతులు. మా పల్లెలో చదువుకున్న మొదటి మనిషి. మిషను దొరసాని సంతోషపడి ఉన్ని గుడ్డ ఇచ్చింది, పెళ్ళికి కోటు కుట్టించుకోమని. ఆయనా, నేనూ, మా అమ్మా, ముగ్గురం వినుకొండ నడిచి వచ్చాం. నా చీర కొన్నాక మీ కొట్టు దగ్గరికి వచ్చాం.

మీ కొట్టు ముందు కాలవ ఉంది. కాలవకి ఇవతల ఆగాం. మీ నాన్న లోపల ఎవరో పెద్దాయన్ని నిలబెట్టి జుబ్బాకి కొలుస్తున్నాడు. ఒళ్ళంతా తడిమి, చంకలో, నడుము దగ్గర, మణికట్టు దగ్గర కొలిచాడు. అయ్యాక మా వంక చూశాడు. గుడ్డ అరుగు మీద పెట్టి వెనక్కి వెళ్ళమన్నాడు. పెట్టాం, వెళ్ళాం. అప్పుడు తీసుకున్నాడు. కొలత మాట మా ఆయన ఎత్తాడు. మీ నాన్న ఆ పెద్దాయన మొహం వంక చూశాడు. మా వంక కాదు. చూసి, "అక్కడే నిలబడు. అటు తిరుగు. ఇటు తిరుగు. చేతులు చాపు" అన్నాడు. నడిబజారులో, ఎండలో, వదులు లాల్చీ వేసుకుని, చదువుకున్న మనిషి గిరగిరా తిరిగాడు. బళ్ళు పోతున్నాయి, జనం పోతున్నారు. చేతులు చాపి అలాగే ఉన్నాడు. "చాల్లే, దించు" అన్నాడు మీ నాన్న.

పసుప్పచ్చ టేపు మీ నాన్న మెడలోనే వేలాడుతోంది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను, ఇప్పుడు దించుతాడు, ఇప్పుడు దించుతాడు అని. దించలేదు.

పెళ్ళినాడు గుళ్ళో అయ్యగారు ఉంగరం ఇస్తే అందుకోటానికి వేళ్ళు బయటికి రాలా. అయ్యగారే చెయ్యి పైకి మడిచాడు. మా పెద్దమ్మ వెనకనుంచి "కోటు పెళ్ళికొచ్చింది, జక్రయ్య ఏడీ?" అంది. గుళ్ళో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను నవ్వలా.

ఆ తరవాత ఆయన ముప్పై ఆరేళ్ళు బతికాడు. ఇంకే టైలరు గుమ్మమూ తొక్కలేదు. సంతలో కుప్ప పోసి అమ్మే చొక్కాలే. ఏ సైజు పంతులుగారూ అంటే "పెద్దది ఇవ్వు" అనేవాడు. ఎందుకయ్యా పెద్దది అంటే గాలి ఆడుద్ది అనేవాడు. కొడుకుకీ అదే, మనవడికీ అదే అలవాటు చేశాడు.

ఆయన ఒంటికి కొలత ఆనింది ఒకేసారి. పోయిన నాడు ఆదాం తాడు పెట్టి కొలిచాడు, పెట్టె చెయ్యటానికి. పెట్టె సరిగ్గా సరిపోయింది.

అడిగావు గనక చెప్పాను. మా ఆయన ఎప్పుడూ ఒళ్ళున్న మనిషి కాదు.

ఎలీసమ్మ
(వేలిముద్ర)

·

వినుకొండ,
3 జనవరి 1984.

ఎలీసమ్మ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది.

ఆ కాలం అలాంటిది. మా నాన్న చెడ్డవాడు కాడు. కొట్టు నడవాలంటే నలుగురి మొహాలూ చూడాలి కదా. పాత కొలతల పుస్తకాలు వెతికాను, అప్పటివి చెదలు తినేశాయి. అందువల్ల ఆ రోజు ఏం జరిగిందో నేను ఇదమిత్థంగా చెప్పలేను.

నా సంగతి వేరు. నా కొట్లోకి ఎవరొచ్చినా ఒకటే టేపు. ఇమ్మానియేలు బాబుని ఒకరోజు పంపించండి. బెంచీ మీద కూచోబెట్టి, టీ తెప్పించి, దగ్గరుండి కొలతలు తీసుకుంటాను. కొత్త గుడ్డ నేనే పెట్టి కోటు కుట్టిస్తాను. మీరు ఏమీ ఇవ్వొద్దు. దానితో మీ మనసు కుదుటపడితే నాకు అంతే చాలు.

ఇట్లు,
శేషాచలం

·

గుండ్లవాగుపాలెం పల్లె,
10 జనవరి 1984.

శేషాచలానికి,

ఊరికే ఇచ్చే కోటు నాకొద్దు. ఊరికే ఇచ్చిన గుడ్డతో ఒకసారి అయింది. గుడ్డ మేం కొంటాం, కూలి మేం ఇస్తాం.

మీ నాన్న చెడ్డవాడని నేను ఎక్కడన్నాను? ఉత్తరం తీసి మళ్ళీ చూసుకో. టేపు దించలేదు అన్నాను. ఆ కాలం, ఆ కాలం అంటున్నావు. ఆ కాలం అనే మనిషిని నేను బజారులో చూడలా. అరుగు మీద నిలబడ్డ పిచ్చయ్యని చూశాను.

వాణ్ణి మీ కొట్టుకి పంపను. నిన్ను నమ్మక కాదు. కొట్లో కొలుస్తావని తెలుసు. తలుపు చాటున, నీ బెంచీ మీద, నీ టీ తాగించి కొలుస్తావు. మా ఆయన్ని తిప్పింది నడిబజారులో. కళ్ళాలకి డబ్బులొచ్చే రోజుల్లో నువ్వు టేపు మెడలో వేసుకుని పెద్దిళ్ళకి వెళ్తావు, పెళ్ళి బట్టలకి కొలతలు తియ్యటానికి. నాకు తెలుసు, మా వాళ్ళు ఆ ఇళ్ళల్లో మిరపకాయలు తొడిమలు తీస్తూ నిన్ను చూశారు. నువ్వు వెళ్ళని పెళ్ళి ఇల్లు ఉందా ఆ చుట్టుపక్కల? మాదీ పెళ్ళి ఇల్లే. ఇక్కడికి రా. మా వాకిట్లో, అందరూ చూస్తుండగా వాణ్ణి నిలబెట్టి కొలువు.

అది నాకు కావాల్సింది. పాత కోటు బాగయ్యేట్టుంటే చెయ్యి, కాకపోతే చెప్పు. నువ్వు రానంటే అదీ రాయి. తిట్టను. కోటు తిప్పి పంపించు, అంతే.

ఎలీసమ్మ
(వేలిముద్ర)

శేషాచలం గారూ, ఈ నాలుగు ముక్కలు నావి. ఈ ఉత్తరం పిన్నమ్మ నా చేత మూడుసార్లు చదివించుకుని విన్నారు. ఒక్క మాట తగ్గిద్దామన్నా ఒప్పుకోలేదు. చివరి వాక్యం మాత్రం ఇంకోసారి చదవమన్నారు.
జయకుమారి

·

వినుకొండ,
5 మార్చి 1984.

పెద్దమ్మా,

రెండు నెలలు జవాబు రాయలేదు. పని ఎక్కువై అని రాయబోయి కొట్టేశాను. భయపడి రాయలేదు. ఈ సీజన్లో రెండు పెద్దిళ్ళ పెళ్ళి బట్టలు నా దగ్గర ఉన్నాయి. నేను పల్లెకి వెళ్ళి కొలతలు తీశానని తెలిస్తే వాళ్ళు ఏమంటారో ఊహించుకుంటూ కూచున్నాను.

ఇంకోటి చెప్పాలి. కొలతల పుస్తకం చెదలు తినలేదు. మీ మొదటి ఉత్తరం వచ్చిన సాయంత్రమే అటక మీంచి దించి చూశాను. మా నాన్న అచ్చుగుద్దినట్టు రాసేవాడు. ప్రతి పేరు కిందా ఎనిమిది అంకెలు. మెడ, భుజం, ఛాతీ, నడుము, అలా. ఆ పేజీలో పదకొండు మంది ఉన్నారు. పదిమందికి అంకెలున్నాయి. ఒక చోట మాత్రం, "పల్లె పంతులు, పెళ్ళి కోటు, కంటి కొలత" అని ఉంది. కింద ఏమీ లేదు. పేరు కూడా లేదు.

తెలియక చేశాడని నేను అనుకోవచ్చు అనుకున్నాను. ఆ మూడు మాటలు చూశాక అనుకోలేకపోయాను. కంటి కొలత అని రాసుకున్నాడంటే అది కొలత కాదని ఆయనకి తెలుసు. నా చేతి మీద స్కేలు పెట్టి కొట్టిన మనిషి. అందుకే మీకు వయసు మీద పడిందన్నాను, పంతులుగారు చిక్కిపోయారన్నాను, చెదలన్నాను. మూడూ నేను తెలిసి చెప్పిన అబద్ధాలే.

కోటు సంగతి. అది బాగుకాదు పెద్దమ్మా. ఛాతీ లోపలికి తియ్యొచ్చు, చేతులు కురచ చెయ్యొచ్చు. చంక దగ్గర మాత్రం కత్తెర మరీ కిందికి పోయింది. కోసేసిన చోట గుడ్డ ఎక్కణ్ణుంచి తేను? ఎవరు కుట్టినా చెయ్యి ఎత్తితే కోటు మొత్తం పైకి లేస్తుంది.

కొత్తది కుడతాను. వచ్చే ఆదివారం, మీ గుడి విడిచే వేళకి వస్తాను. ఇమ్మానియేలు బాబుని ఉండమనండి, గుడ్డ కొని ఉంచండి.

శేషాచలం

·

వినుకొండ,
19 ఏప్రిల్ 1984.

పెద్దమ్మకి నమస్కారం.

కోటు ఆదాం గారి చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఛాతీ ముప్పై ఆరు, భుజం పదహారున్నర, మెడ పద్నాలుగు. కొలతలు ఒక చీటీ మీద రాసి లోపలి జేబులో పెట్టాను, బాబు రేపు ఎక్కడ కుట్టించుకున్నా, రెడీమేడ్ కొన్నా పనికొస్తాయి. ఆ రోజు మీరు బయటికి వస్తారని చూశాను. నా మీద కోపం ఇంకా పోలేదనుకుంటాను. అడగను.

పాత కోటు విప్పిన కుట్లతో నా దగ్గరే ఉంది. ఏం చెయ్యమంటారో చెప్పండి. ఇక్కడ అంతా కులాసా. పనికి కొదవ లేదు.

శేషాచలం

·

గుండ్లవాగుపాలెం పల్లె,
24 ఏప్రిల్ 1984.

శేషాచలానికి,

కులాసా అని రాశావు. ఆదాం కళ్ళున్నవాడు. పెద్దింటివాళ్ళు ఒకళ్ళు బట్టల మూట వెనక్కి పట్టుకుపోయారని బజారంతా చెప్పుకుంటున్నారట. నాకు చెప్పలేదు నువ్వు. చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? నా వల్లే గదా అని నేను ఏడవను. నువ్వూ ఏడవమాక. నువ్వు ఏడవలేదని కూడా ఆదాం చెప్పాడు.

ఆ ఆదివారం నేను బయటికి ఎందుకు రాలేదో చెప్తాను. కోపం కాదు. నువ్వు పల్లె మొగలో సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తున్నావని పిల్లలు అరిచినప్పుడు గుడి నుంచి గబగబా ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాను. నువ్వు వాకిట్లో ఆగి, "అక్కడే నిలబడు" అంటావేమో అని. అంటే చూడలేను. నలభై రెండేళ్ళు నోరు పెట్టుకు బతికినదాన్ని, ఆ ఒక్క క్షణం తలుపు చాటు వెతుక్కున్నాను.

సందులోంచి చూశాను. వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, నువ్వు తుమ్మావు. తుమ్మి, టేపు మెడలోంచి తీసి, వాడి భుజం మీద చెయ్యి వేసి నీ వైపుకి తిప్పుకున్నావు. చంకలో టేపు పోనిచ్చేప్పటికి చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వాడు వాడు, ఇరవై రెండేళ్ళవాడు. ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు గదా. తరవాత ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించాడు. "బిగబట్టకు బాబూ, ఉన్నంతే ఉండు" అన్నావు. ఆ మాట నాకు వినపడింది. ఆ తరవాత ఏం చూశానో నాకు సరిగ్గా గుర్తులేదు. మిరపకాయల ఘాటు ఇంట్లోకి కూడా వస్తుంది.

నీకు తెలీనిది ఒకటుంది. వాడి తరవాత ఆదాం వచ్చి నిలబడ్డాడు గుర్తుందా? ఏం కుట్టాలి తాతా అంటే "ఏం లేదు, నాది ఎంతో చెప్పు" అన్నాడు. ఆయన వెనక తొమ్మిది మంది నిలబడ్డారు, ఒక్కడికీ కుట్టించుకునేది లేదు. నువ్వు విసుక్కోకుండా అందరికీ చెప్పి వెళ్ళావు. ఇప్పుడు మా పల్లెలో మగాళ్ళు కలుసుకుంటే అదే కబురు. "నాది ముప్పై ఎనిమిది." "పోరా, నీకంత ఎక్కడిది?" ఆదాం శనివారం సంతలో చొక్కాల కుప్ప దగ్గరికి పోయి "ముప్పై నాలుగు తియ్యి" అన్నాడట, పేటలో ప్లీడరులాగా. వాడు పెద్దది అంటగడుతుంటే ఒప్పుకోలేదట. తొడుక్కుని నాకు చూపించటానికి వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఇంత సన్నగా ఉంటాడని ఇన్నాళ్ళూ నాకే తెలీదు.

పాత కోటు గురించి అడిగావు. సరిచెయ్యొద్దు. మీ నాన్న ఎలా కుట్టాడో అలాగే మళ్ళీ కుట్టి పంపు. దాని కూలి కూడా తీసుకో. ఎవరన్నా ఆ కాలం అంటే తొడిగి చూపించటానికి ఉండాలి.

ఇక అసలు సంగతి. కొత్త కోటు వేయించి చూశాను. ఛాతీ బావుంది. భుజాలు బావున్నాయి. ఎడమ చెయ్యి మాత్రం అర అంగుళం పొడుగొచ్చింది. వాడు "బాగానే ఉంది, ఊరుకో నాయనమ్మా, అర అంగుళానికి ఆయన్ని పిలుస్తామా" అంటాడు. జయకుమారి కూడా వాడి పక్కే. నేను ఊరుకోను. పెళ్ళి వచ్చే బుధవారం. సోమవారం లోగా వచ్చి సరిచేసి పో.

ఎలీసమ్మ
(వేలిముద్ర)